రెండు టక్కులు

"...అని నేననట్లేదు అంకుల్! మీకు పని రాదని అనట్లేదు. తొట్టి పక్క జారింది అంటున్నా. పిల్లాడు పడ్డాడు అంటున్నా!"

"ఒంటిచేత్తో ఎత్తి ఉంటారు."

"రెండు చేతులతోనే ఎత్తాం."

"నాకు తెలీదా? చంకలో పిల్లాడు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పక్క ఎత్తడం."

"నాకున్నవి రెండే చేతులు అంకుల్. మీరు మూడు లెక్కేస్తున్నారు."

వంటింట్లో గిన్నెలు తోముతున్న మేస్త్రీ భార్య, ఊరంతా తొట్ల అత్త అని పిలిచే ఆవిడ, చేతులు ఆపింది. వంటింటికీ షెడ్డుకీ మధ్య ఒక్క రేకు తలుపే అడ్డం. దాని అవతల ఏం జరుగుతున్నా ఆమెకు ఇటునుంచే తెలిసిపోతుంది. రంపం ఈడ్చినట్టు వినిపిస్తే చెక్క పచ్చిగా ఉందని, చిత్రిక జారినట్టు వినిపిస్తే ఆయన హుషారుగా ఉన్నాడని, ఏమీ వినిపించకపోతే కుర్చీలో కునుకు తీస్తున్నాడని. ఇప్పుడు వినిపిస్తున్నది మాత్రం ఎన్నడూ విననిది. ఈ షెడ్డుకు పిల్లల తొట్టి అద్దెకు అడగడానికి వచ్చారు, ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటామని బతిమాలడానికి వచ్చారు, రంగు మార్చమని వచ్చారు. తిట్టడానికి ఎవరూ రాలేదు.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె తలుపు తోసుకుని వెళ్ళింది.

వాకిట్లో ట్రాలీ బండి ఆగి ఉంది. బండిలో తమ షెడ్డులో చేసిన తొట్టే, నాలుగు కోళ్ళూ ఆకాశంలోకి పెట్టి, తాళ్ళతో కట్టేసి ఉంది. పక్కనే మందుల షాపు అబ్బాయి. రెండు వీధుల అవతల మందుల షాపులో పనిచేస్తాడు. అతనికి మొదటి పిల్లాడు. తొట్టి తీసుకెళ్ళిన రోజు ఇదే వాకిట్లో అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా అని తెగ సంబరపడ్డాడు. ఇవాళ షర్టు గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుని వచ్చాడు.

"పిల్లాడికి ఏమైంది బాబూ?" అడిగింది అత్త.

"కింది పెదవి చిట్లింది ఆంటీ. కుట్లు పడ్డాయి. పక్క పట్టుకుని నిలబడి ఆడుకుంటున్నాడు. ఎడమ కొస దిగిపోయింది, వాడూ దాంతోపాటే వచ్చేశాడు. కింద దుప్పటి మడత ఉంది కాబట్టి సరిపోయింది."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"వాడు ఏడవట్లేదు. మా ఆవిడే ఏడుస్తోంది."

మేస్త్రీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి మళ్ళీ దోపుకున్నాడు. "నీ ఎదురుగానే ఎత్తి చూపించానా లేదా? రెండు టక్కులు విన్నావా లేదా?"

"విన్నావా అని మీరడిగారు. నేను తలూపాను."

"అంటే విన్నట్టేగా!"

"ఏమో అంకుల్. మీరు అంత గట్టిగా అడిగితే ఎవరైనా తలూపుతారు."

గోడ అవతలినుంచి పక్కింటి టైలరు తల కనిపించింది. మెడలో టేపు వేలాడుతోంది. "అంతే మేస్త్రీ, అదే మాట మీద ఉండు. జాకెట్టు బిగుతైందని ఎవరైనా వస్తే నేనూ అంతే. ఒళ్ళు పెరిగిందమ్మా అంటా."

మేస్త్రీ నవ్వాడు. టైలరు మొహం నవ్వుతోంది కాబట్టి నవ్వాడు. ఆ సంగతి టైలరుకూ తెలీదు, మందుల షాపు అబ్బాయికీ తెలీదు. అత్తకు తెలిసింది. తగువు మధ్యలో ఆ నవ్వు ఎంత ఎబ్బెట్టుగా ఉందో కూడా తెలిసింది.

అబ్బాయి తాళ్ళు విప్పి తొట్టిని దించాడు. ఇంకొకటి ఇస్తాం తీసుకెళ్ళమని అత్త అంటే వద్దన్నాడు. "కొన్నాళ్ళు నేలమీదే పడుకోబెడతాం ఆంటీ. నేల అయితే ఎక్కడికీ జారదు." ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో అతనికే తెలిసినట్టు లేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ తొట్టి వంక చూడకుండా చిత్రిక అందుకున్నాడు.

ఆయన మొదటినుంచీ వడ్రంగి కాడు. మీసాలు వచ్చే వయసులో బరువు యంత్రాలు దించి నిలబెట్టే ముఠాలో చేరాడు. లారీ మీద వచ్చిన బాయిలరునో జనరేటరునో ఫ్యాక్టరీలో దాని దిమ్మె మీదికి చేర్చడం వాళ్ళ పని. జాకీ పెట్టి ఒక మూల కాస్త లేపేవాళ్ళు. లేచినంత మేర కింద దుంగలు పేర్చేవాళ్ళు, అడ్డంగా రెండు, వాటిమీద నిలువుగా రెండు, మళ్ళీ అడ్డంగా రెండు. అలా పెరిగే దుంగల గూడును క్రిబ్ అనేవాళ్ళు. జాకీ లేపుతుందేగాని మోసేది క్రిబ్బేనని ముఠా పెద్ద రోజూ చెప్పేవాడు. యంత్రం కిందికి చెయ్యి పోనిచ్చే ముందు దుంగకు చెవి ఆనించి వినాలని కూడా చెప్పేవాడు. దుంగ మూలిగితే పక్కకు తప్పుకోవాలి. మూలగకపోతే పని చేసుకోవచ్చు. కంటిని నమ్మితే ఆలస్యమవుతుందని ఆయన లెక్క. మేస్త్రీకి చెవిని నమ్మడం అక్కడ అబ్బింది.

పెళ్ళి మాటలప్పుడు అత్త తండ్రి ఒకే ఒక షరతు పెట్టాడు, యంత్రాల కింద దూరే పని మానెయ్యాలని. మానేశాడు. తలుపులూ కిటికీలూ చేసే వర్క్‌షాపులో చేరి, దుంగలు మోసిన చేతులతో ఉలి పట్టడం నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇంటి వెనక ఈ షెడ్డు వేసుకున్నాడు.

కూతురు పుట్టబోతుండగా మొదటి తొట్టి చేశాడు. నున్నగా చిత్రిక పట్టిన ఊచలు, గుండ్రంగా తిప్పిన పై పట్టె. అంతా బాగానే ఉంది, అత్త ఎత్తు తప్ప. ఆమె పొట్టిది. ఆ మాట వేరేవాళ్ళు అనేదాకా ఆగదు, తనే ముందు అనేస్తుంది. పై పట్టె సరిగ్గా ఆమె చంకల దగ్గరికి వచ్చింది. అడుగున పడుకున్న పిల్లను తీయాలంటే పట్టె మీద పొట్ట ఆనించి, కాళ్ళు గాల్లోకి లేపి, తలకిందులుగా వేలాడాలి.

"ఇలాగే ఉంచితే ఏదో ఒకరోజు నేనూ అందులోనే పడతా. వచ్చి ఇద్దర్నీ కలిపి తీసుకోండి," అంది.

ఆయన తొట్టిని షెడ్డులోకి లాక్కెళ్ళాడు. బయటికి తెచ్చేసరికి ఒక పక్క గాడుల్లో కిందికీ పైకీ జారుతోంది. ఆ పక్కకు రెండు కొసలా రెండు ఇత్తడి నాలుకలు, వాటి వెనక స్ప్రింగులు. పక్కను పైకంటా ఎత్తితే నాలుకలు నిలువు కోళ్ళలో ఉన్న చిల్లుల్లోకి దూకి పట్టుకుంటాయి. దించాలంటే రెండు బొటనవేళ్ళతో రెండిటినీ ఒకేసారి నొక్కాలి. చెక్క పక్క ఎప్పుడూ సమంగా లేవదు, ఒక కొస ముందు, ఇంకో కొస వెనక. అందుకని శబ్దం విడివిడిగా వచ్చేది. టక్. ఆ తర్వాత టక్. రెండూ వినిపిస్తేనే పక్కకు గడి పడినట్టు. ఒక్కటే వినిపిస్తే ఒక కొస గాల్లో ఉన్నట్టు.

"చూడక్కర్లేదు. చీకట్లో లేచినా, నిద్రకళ్ళతో ఉన్నా, విను చాలు," అన్నాడు భార్యతో. ఆమె కోసం ఆయన చేసిన వస్తువుల్లో ఆమె మెచ్చుకున్నది అదొక్కటే. పెళ్ళైన కొత్తలో చేసిన అద్దాల బీరువా ఇప్పటికీ తలుపు సరిగ్గా పడదు.

అద్దెకివ్వాలన్న ఆలోచన మాత్రం అత్తది. కూతురికి తొట్టి అక్కర తీరాక ఎదురింటివాళ్ళు అడిగి తీసుకెళ్ళారు, వాళ్ళ దగ్గర్నుంచి వాళ్ళ ఆడపడుచు తీసుకెళ్ళింది. పిల్లలు పెరిగిపోతారు, తొట్టి పెరగదు, ఇరుకు ఇళ్ళల్లో దాన్ని దాచుకునే చోటుండదు. "కొనుక్కునేవాళ్ళు ఒక్కసారే వస్తారు. అద్దెకు తీసుకునేవాళ్ళు ప్రతి కాన్పుకీ వస్తారు," అంది అత్త. మేస్త్రీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ పోయాడు. పిల్లల గడ్డం పై పట్టెకు అందిందంటే తొట్టి తిరిగి ఇచ్చెయ్యాలన్నది వాళ్ళ కట్టుబాటు. ఆ గడ్డం చూడటానికి అత్తే ఇళ్ళకు వెళ్ళేది. తల్లులు ఆమెను చూడగానే పిల్లల్ని కూర్చోబెట్టేసేవాళ్ళు. "ఏదీ, ఒకసారి నిలబడరా కన్నా," అని ఆమె చప్పట్లు కొడితే వాడు నిలబడి నవ్వేవాడు, తల్లి మొహం మాడిపోయేది. తిరిగొచ్చిన తొట్ల పై పట్టెల నిండా పాలపళ్ళ గాట్లు. మేస్త్రీ వాటిని గరుకు కాగితంతో తోమేసి, వార్నిషు పూసి, ఇంకో ఇంటికి తయారు చేసేవాడు.

షెడ్డు మీద బోర్డు రాయించేటప్పుడు ఏ మాట రాయించాలన్నది ఇంట్లో పెద్ద తగువే అయింది. తొట్టి అంటే పశువులు మేసేదీ తొట్టే, స్నానాల గదిలో నీళ్ళు పట్టేదీ తొట్టే. ఉయ్యాల అంటే ఊగాలి, ఇది ఊగదు. పిల్లల మంచం అంటే బడికెళ్ళే పిల్లలకు మంచాలు కావాలని వస్తారు. మేస్త్రీ మనసులో ఎప్పటినుంచో ఒకే మాట ఉంది.

"క్రిబ్," అన్నాడు.

"యంత్రాల కింద పెట్టే దుంగల పేరా పిల్లలకి?"

"అదీ బరువు మోసేదే. ఇదీ బరువు మోసేదే. ఇంగ్లీషులో కూడా దీన్ని అదే అంటారట, వర్క్‌షాపు ఓనరు చెప్పాడు."

బోర్డు అలాగే పడింది. చదివినవాళ్ళు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలిచారు. కొందరు కాట్ అన్నారు, కొందరు బేబీ బెడ్ అన్నారు. ఒక తాతగారు పంజరం అన్నాడు, ఆయనే మనిషిని పంపించి మరీ తెప్పించుకున్నాడు. పాల డెయిరీ మేనేజరు బోర్డు చూసి బండి దిగి, ఆవులకు దాణా పోసే క్రిబ్బులు చేస్తారా అని అడిగి, లోపలున్నవి చూసి నాలిక్కరుచుకుని, అయినా నాలుగు దాణా తొట్లకు ఆర్డరిచ్చి వెళ్ళాడు. కూతురు కాలేజీకి వెళ్ళాక, పరీక్షల్లో చూసి రాసే చీటీని తమ క్లాసులో క్రిబ్ అంటారని చెప్పింది. ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో ఊరికే సణిగేవాళ్ళను క్రిబ్ చేస్తున్నారంటారని చెప్పింది.

"అయితే మీ అమ్మ రోజూ చేసేది అదే," అన్నాడు మేస్త్రీ. మళ్ళీ తనే, "ఒక్క మాట ఎన్ని ఇళ్ళల్లో కాపురం చేస్తోందో చూడు," అని మురిసిపోయాడు. ఏ ఇంట్లో ఏ అర్థం ఉన్నా, ఆయన దృష్టిలో దానికి ఒకటే పని. పైనున్నదాన్ని జారనివ్వకూడదు.

అందుకే తొట్టి ఇచ్చేటప్పుడు ఆయన పద్ధతి ఒక పూజారి పద్ధతిలా ఉండేది. తీసుకెళ్ళేవాళ్ళను ఎదురుగా నిలబెట్టేవాడు. మాట్లాడొద్దనేవాడు. పక్కను కిందికంటా దించి, నెమ్మదిగా ఎత్తేవాడు. టక్, టక్. "విన్నారా? రెండు," అనేవాడు. వాళ్ళు తలూపాకే తొట్టి బండెక్కేది. మేస్త్రీగారి రెండు టక్కులు ఊళ్ళో ఒక నమ్మకమైపోయాయి. కొత్తగా పెళ్ళైన వాళ్ళను టైలరు ఆటపట్టించేవాడు, "మేస్త్రీ టక్కులు ఎప్పుడు వింటార్రా?" అని.

తర్వాత చెక్కను చిత్రిక పట్టే ప్లేనర్ మిషను కొన్నారు. రోజంతా షెడ్డులో అది ఊళపెట్టేది. చెవుల్లో దూది పెట్టుకోమని కూతురు చెప్పింది. దూది పెట్టుకుంటే చెక్క మాట ఎలా వినపడుతుందని ఆయన పెట్టుకోలేదు. మొదట టీవీ గొంతు పెరిగింది. ఆ తర్వాత మేస్త్రీ గొంతు పెరిగింది. ఆ తర్వాత పిలిస్తే పలకడం మానేశాడు. అత్త అది కోపమనుకుంది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత మొగుడు పలక్కపోతే చెవుడనుకునే ఆడది ఎక్కడుంటుంది? ఏ విషయం మీద అలిగాడో కనుక్కోవడానికి కొన్నాళ్ళు పట్టింది, ఏ విషయం మీదా అలగలేదని తెలియడానికి ఇంకొన్నాళ్ళు.

డాక్టరుకు చూపించుకుందాం అంటే ఆయన ఒప్పుకోలేదు. "వినాల్సినవి వినపడుతూనే ఉన్నాయి," అన్నాడు. అది నిజమేనేమో అనుకుంది. అప్పటినుంచి ఆయనకు కాస్త వినపడే కుడివైపే నిలబడటం అలవాటు చేసుకుంది. వచ్చినవాళ్ళ మాటనే మళ్ళీ తను గట్టిగా అడిగేది. "ఏంటమ్మా, తెల్లరంగు కావాలంటున్నావా?" "వచ్చేవారానికా? వచ్చేవారానికైతే కుదురుతుంది, కదండీ?" మేస్త్రీ ఆమె పెదాలు చూసి జవాబిచ్చేవాడు. వచ్చినవాళ్ళకు అనుమానం వచ్చేది కాదు, ఆమెకు చాదస్తం అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చింది.

టక్కుల జోలికి మాత్రం ఆమె ఎప్పుడూ పోలేదు. రేకు తలుపు ఇవతల వినిపిస్తూనే ఉండేవి. ఎన్నో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం ఆయన పని.

మధ్యాహ్నం మేస్త్రీ స్క్రూల కోసం హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళినప్పుడు అత్త వాకిట్లోని తొట్టిని తనే తిప్పి కోళ్ళమీద నిలబెట్టింది. పక్కను దించి, ఎత్తింది. కుడి కొస టక్ మంది. ఎడమ కొస ఏమీ అనలేదు. ఇంకాస్త పైకి లాగింది. ఏమీ అనలేదు. చెయ్యి వదిలింది. పక్క నిలబడే ఉంది. పైకి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎడమ కొస మీద అరచెయ్యి ఆనించి కొంచెం బరువు వేసింది. అది మెల్లగా కిందికి దిగిపోయింది.

వంగి చూసింది. ఎడమ నాలుక లోపలికి ముడుచుకుని ఉంది, బయటికి రావడం లేదు. దాన్ని ఏం పట్టి ఉంచిందో వెలుతురుకు తిప్పి చూస్తే కనిపించింది. నాలుకకూ దాని చుట్టూ ఉన్న రేకుకూ మధ్య సన్నటి పొర, తేనె రంగులో మెరుస్తోంది. గోటితో గీకితే పెళుసుగా లేచింది.

వార్నిషు.

పాలు ఒలికి బిగుసుకుని ఉంటే బాగుండుననుకుంది. మందు కారి ఉన్నా సరిపోయేది. వార్నిషు ఆ ఇంట్లో పడింది కాదు. ఇక్కడ, ఈ షెడ్డులో, ఆ తొట్టి బండెక్కే ముందు పడింది. అంటే ఆ అబ్బాయి ఎదురుగా మేస్త్రీ ఎత్తినప్పుడే ఎడమ కొస మూగగా ఉంది. ఒక్క టక్కు మోగింది. ఆయన రెండు అన్నాడు.

మేస్త్రీ తిరిగొచ్చేసరికి ఆమె షెడ్డులో ఉంది. సాయంత్రం ఒక ఇంటికి వెళ్ళాల్సిన కొత్త తొట్టి మధ్యలో తయారుగా ఉంది. ఆమె దాని పక్కన నిలబడి ఉంది.

"అటు తిరిగి నిలబడండి," అంది గట్టిగా.

"ఎందుకే?"

"తిరగండి చెప్తా."

ఆయన గోడవైపు తిరిగాడు, ఆరబెట్టిన పలకలకేసి. ఆమె పక్కను ఎత్తింది. టక్, టక్.

"ఎన్ని?" అని అరిచింది.

"రెండు."

నాలుకలు నొక్కి దించింది. ఈసారి కుడి కొస మాత్రమే ఎత్తి, ఎడమదాన్ని మోకాలితో నొక్కిపట్టింది. టక్.

"ఎన్ని?"

"రెండు. ఏంటిది, చిన్నపిల్లల ఆట?"

దించింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది. గోడ మీద బల్లి ఒకటి పాకింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఎన్ని?"

"రెండే! ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఇటు తిరిగాడు.

పక్క కిందే ఉంది. ఆయన దాన్ని చూశాడు. నడుం మీద ఉన్న ఆమె చేతులు చూశాడు.

"ఎప్పుడు ఎత్తావ్?"

"ఎత్తలేదు."

మేస్త్రీ స్క్రూల పొట్లం బల్లమీద పెట్టాడు. వాకిట్లోకి వెళ్ళి, మందుల షాపు అబ్బాయి తెచ్చిన తొట్టి ముందు గొంతుకూర్చుని, ఎడమ నాలుక మీద బొటనవేలు పెట్టాడు. నొక్కాడు. అది కదల్లేదు. వేలి కొనకు అంటిన పొరను నలిపి చూసుకున్నాడు. ఆమె వెళ్ళి కుడివైపున నిలబడింది.

"కొయ్య అదరడం చేతికి తెలిసేది," అన్నాడు చివరికి. "ఎత్తుతుంటే ఇక్కడ కొట్టినట్టు ఉండేది, అరచేతిలో. అదే విన్నాననుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"తెలిస్తే చెప్పనా?"

బయట ఇళ్ళల్లో ఉన్న తొట్లు ఆమె కళ్ళముందు ఒక్కొక్కటే కదిలాయి. కవల పిల్లలున్న ఇంట్లో రెండు. బేకరీ మేడమీద ఒకటి. లెక్కల మాస్టారి మనవరాలు పడుకునేది ఒకటి, ఆ పిల్ల ఈమధ్యే లేచి నిలబడుతోంది. బస్సు డ్రైవరు ఇంట్లో ఒకటి. అన్నీ ఇదే వాకిట్లోంచి, ఇదే చెవి మీదుగా వెళ్ళినవి. వాటిలో ఏది నోరు విప్పుతోందో ఏది మూగదో ఇక్కడ నిలబడి చెప్పడం ఎవరివల్లా కాదు.

అత్త కంగారు పడే మనిషి కాదు. కంగారు వచ్చినప్పుడు గిన్నెలు సర్దుతుంది. ఇప్పుడు గిన్నెలు అందుబాటులో లేవు కాబట్టి ఉలులు సర్దింది. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు. సర్దడం అయ్యేసరికి దారి కూడా కనిపించింది.

ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా నిలబడి చెప్పింది.

"రేపు నేను వెళ్తా. స్ప్రింగులకు నూనె వెయ్యాలని చెప్పి ఒక్కో ఇంట్లో ఎత్తి చూసొస్తా. బాగోలేనిది ఏదైనా ఉంటే రంగు వెయ్యాలని పట్టుకొచ్చేద్దాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

ఆయన వింటున్నాడు. అంటే, చూస్తున్నాడు.

"ఇక మీదట ఇచ్చేటప్పుడు మీ పక్కనే ఉంటా. ఎప్పట్లాగే మీరు ఎత్తండి. రెండూ వినిపిస్తే మీ మోచెయ్యి తాకుతా. తాకితే రెండు అనండి. తాకకపోతే ఏదో వంక చెప్పి దించెయ్యండి. నాలుక చూడాలనండి, నూనె అనండి. మీకు రాని వంకలా?"

"వాళ్ళు నా చెవి చూసి తీసుకెళ్తారే."

"తీసుకెళ్తారు కాబట్టే చెప్తున్నా. వినపడని మనిషి చూసిచ్చిన తొట్టిలో పిల్లను పడుకోబెట్టే తల్లి ఎవరైనా ఉందా? మీరే చెప్పండి. నేనైతే పడుకోబెట్టను. ఈ మాట ఒక్క గడప దాటితే చాలు, ఈ షెడ్డుకు ఇంకెవరూ రారు. ఈ వయసులో మళ్ళీ కిటికీలు చేస్తారా? ఎవరిస్తారు? వాళ్ళకు కావాల్సింది గట్టి తొట్టి. అది గట్టిదేనని నేను విని చెప్తా. అందులో మోసం ఏముంది?"

మేస్త్రీ నేలమీద చిత్రిక పొట్టును కాలితో ఒకచోటికి చేర్చాడు.

"సరేనా?" అంది.

తలూపాడు.

ఎండ తగ్గాక తొట్టి కోసం తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురికి నెలలు నిండుతున్నాయి, నడుం మీద చెయ్యి తీయకుండా నడుస్తోంది. తల్లి మాటల పుట్ట. వస్తూనే బోర్డు చదివి, ఎక్కడ చేశారు, ఏ చెక్క, ఎంతమంది పిల్లలు పడుకున్నారు అని ఆగకుండా అడిగింది. అత్త మేస్త్రీకి కుడిపక్కన నిలబడి ఒక్కో ప్రశ్ననూ మళ్ళీ గట్టిగా అంటూ వచ్చింది.

"ఇది ఊగదటగా వదినగారూ?" అంది ఆవిడ, తొట్టిని ఊపబోయి.

"ఊగదండీ. ఊగేది వేరు."

"మంచిదే. మా అల్లుడు ఉయ్యాల ఊపమంటే ఊపుతూ తనే నిద్రపోయే రకం."

"అమ్మా!" అంది కూతురు.

"నిజమేగా. మా తోడికోడలు మీ దగ్గరే తీసుకుంది, మూడు కాన్పులకీ. మేస్త్రీగారు వినిపిస్తే గాని తొట్టి కదలనివ్వరట. ఏవో రెండు టక్కులట. అవి వినడానికే దీన్నీ వెంటబెట్టుకుని వచ్చా. ఇది వింటే కడుపులోది కూడా వింటుందిగా!"

టైలరు మిషను ఆపి గోడ దగ్గరికి వచ్చాడు. "మాట్లాడకండమ్మా, మేస్త్రీకి కోపమొస్తుంది."

ఆవిడ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. కూతురు తొట్టి దగ్గరగా జరిగింది.

మేస్త్రీ పక్కను కిందికంటా దించాడు. రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా ఎత్తాడు. కుడి కొస టక్ మంది. వెనకాలే ఎడమ కొస, మరింత స్పష్టంగా, టక్ మంది. అత్తకు రెండూ వినిపించాయి. మనసు తేలికపడింది. మోచెయ్యి తాకింది.

మేస్త్రీ మాట్లాడలేదు.

తెలియలేదేమోనని ఈసారి వేళ్ళతో కాస్త నొక్కింది. ఆయన మోచెయ్యి పక్కకు తీసుకోలేదు, అలాగని నోరూ విప్పలేదు. పై పట్టె మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"విన్నాం విన్నాం!" అంది ఆవిడ, చెయ్యి తీసి. "రెండు. భలే ఉంది. ఏమే, విన్నావా?"

కూతురు నవ్వుతూ తలూపింది.

"ఇంకేం, బండి పిలుద్దామా మేస్త్రీగారూ?"

"బండి పిలవమంటున్నారండీ," అంది అత్త, ఆయన మొహంలోకి చూస్తూ. "పిలవమందామా?"

మేస్త్రీ రెండు బొటనవేళ్ళతో నాలుకలు నొక్కి పక్కను కిందికి దించేశాడు.

"మీరు విన్నారమ్మా. నేను వినలేదు. నాకు వినపడదు," అన్నాడు. ఎప్పట్లాగే గట్టిగా అన్నాడు, గోడ అవతలికి కూడా చేరేలా. "పొద్దున ఒక పిల్లాడు పడ్డాడు. ఆ తొట్టి నేను విన్నానని చెప్పి ఇచ్చిందే. ఇది ఇవాళ ఇవ్వను. ఇళ్ళల్లో ఉన్నవన్నీ రేపు పొద్దున్నే నేనే వెళ్ళి వెనక్కి తెచ్చుకుంటా. ఎందుకని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్తా."